సేట్ వాకిట్లో ముగ్గు

ఒర్లియంపేటలో మా వీధిలో ఎవరింట్లో చావు జరిగినా, ఏడుపు కంటే ముందు కుప్పమ్మాళ్ చీపురు చప్పుడు వినబడేది. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, శవాన్ని పడుకోబెట్టే చోటు తుడిచి, తలవైపు దీపం పెట్టేది. ఆ తర్వాతే మిగతావాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళు. ఆమెను ఎవరూ పిలవాల్సిన పని లేదు. "పెండ్లికి పిలిస్తే పోవాల, సావుకి తెలిస్తే పోవాల" అనేది.

ముప్పై ఏళ్ళు మునిసిపాలిటీ వీధులు ఊడ్చిన చెయ్యి ఆమెది. రిటైరయ్యాక కూడా తెల్లారకముందే మెలకువ వచ్చేసేది. ముత్తాతల కాలంలోనే తెలుగు నేల వదిలి ఈ అరవ ఊరికి వచ్చి పాతుకుపోయిన కుటుంబం. ఏ ఊరినుంచి వచ్చారో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. ఇంట్లో తెలుగే గానీ ఆమెకు తెలుగు చదవడం రాదు. గుడి క్యాలెండరు మీద తెలుగు అక్షరాలు కనబడితే మాత్రం వేలితో తాకి కళ్ళకద్దుకునేది. "మా నాయన మాట్లాడిన మాటలే కదా ఇవి" అనేది.

భర్త చెల్లప్పన్ నూలు మిల్లులో పనిచేసి, మిల్లు మూతబడ్డాక వాచ్‌మన్‌గా ఉండేవాడు. రెండో దఫా కరోనాలో పోయాడు. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. మేళం లేదు, పువ్వుల పల్లకి లేదు. మూటగట్టిన మనిషిని ఆంబులెన్సు అద్దంలోంచి ఒక్క నిమిషం చూపించి తీసుకుపోయారు. ఆ రోజు మా వీధిలో తలుపులన్నీ మూసే ఉన్నాయి. మాదీ మూసే ఉంది. అందరికీ భయం. ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తి చూపలేదు. కానీ ఆ తర్వాత మారియమ్మ గుడి మెట్ల మీద కూర్చొని నాతో ఒకసారి అంది: "నా కండ్లు ఉండేంతవరకూ ఈ వీధిలో ఏ సావూ ఒంటరిగా పోకూడదక్కా. అమ్మవారికి మాటిచ్చినా."

ఆమె జీవితంలో చివరికి మిగిలింది ఆ మాటే అనుకుంటాను. అదే తప్పిపోయింది.

వీధి చివర పట్టాభిరామన్ గారి రెండు గదుల పోర్షన్‌లోకి పోయిన ఆవణి నెలలో, వినాయక చవితి ముందర, ఒక ముసలి జంట దిగింది. కాన్పూర్‌నుంచి వచ్చారట. గోరిమేడు దగ్గర పెద్దాసుపత్రిలో ఆమెకు వైద్యం. గొంతులో పుండు. పిల్లలు లేరు. ఆయనా మిల్లు మనిషే. అక్కడి మిల్లులూ మూతబడ్డాయట. కానీ ఉత్తరాదినుంచి ఎవరొచ్చినా మా ఊళ్ళో సేట్ అనే అంటాం. పాత చొక్కా, అతుకులేసిన స్వెటరు వేసుకున్న ఆ మనిషిని కూడా సేట్ అనే పిలిచాం. ఆమె సేట్టమ్మ.

వాళ్ళ మాట మాకు రాదు, మా మాట వాళ్ళకు రాదు. అయినా వీధి తనకు తోచిన మంచి తాను చేసింది. కురుచికుప్పంనుంచి చేపలు తెచ్చే వెళ్ళైయమ్మాళ్, వాళ్ళు చేప వాసన ఓర్చుకోలేరని తెలిసి, ఆ ఇల్లు దాటేదాకా గంప మీద తడిగుడ్డ కప్పి, కేక వేయకుండా అవతలి వారగా నడిచేది. ఆటో వెట్రివేల్ ఆ ఇంటి ముందర హారన్ కొట్టేవాడు కాదు, దిగి వెళ్ళి తలుపు మీద వేలితో తట్టేవాడు.

కుప్పమ్మాళ్ చేసిన మంచి ముగ్గు. వాళ్ళు వచ్చిన రెండో రోజు పొద్దున ఆ వాకిలి బోసిగా కనబడింది. మా దగ్గర ముగ్గు లేని వాకిలి ఉందంటే ఆ ఇంట్లో చావు ఉన్నట్టు. జబ్బు మనిషి ఉన్న ఇంటికి అది మంచిది కాదని ఆమెకు మనసు ఒప్పుకోలేదు. తన వాకిట్లో ముగ్గు వేశాక, బియ్యప్పిండి డబ్బా పట్టుకుని వెళ్ళి అక్కడా నాలుగు చుక్కలు పెట్టి కలిపి వచ్చింది. సేట్టమ్మ కిటికీలోంచి చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అప్పటినుంచి అది రోజువారీ పని అయింది. ముగ్గు అయ్యాక ఇద్దరూ కిటికీ ఊచలకు అటూ ఇటూ నిలబడి కాసేపు మాట్లాడుకునేవాళ్ళు. ఈమె తెలుగులో, ఆమె చేతులతో. గొంతు అప్పటికే పోయింది.

"ఏం మాట్లాడుకుంటారత్తా అంతసేపు?" అని కోడలు దీపా నవ్వేది.

"నీకేం తెలుసే. నువ్వు ఫోన్‌లో గంట మాట్లాడేదానికంటే ఎక్కువే మాట్లాడుకుంటాము" అనేది కుప్పమ్మాళ్.

మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వచ్చింది. తెల్లవారుజామున గుడిలో పాశురాలు, వీధంతా పెద్ద పెద్ద ముగ్గులు. ఒక గురువారం పొద్దున వెట్రివేల్ ఎప్పటిలాగే వాళ్ళను ఆసుపత్రిలో దింపి వచ్చాడు. సాయంత్రం సేట్ ఒక్కడే వేరే ఆటోలో తిరిగొచ్చాడు. ఆమెను వార్డులో ఉంచుకున్నారని అందరం అనుకున్నాం. అంతకుముందు రెండుసార్లు అట్లాగే జరిగింది.

శుక్రవారం పొద్దున కుప్పమ్మాళ్ వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. సేట్ గడప లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తలకు మఫ్లరు చుట్టుకొని. ఆమె నవ్వింది. ఆయన చూస్తూ ఉండిపోయాడు. పావం, రాత్రంతా ఆసుపత్రి తలపే అయి ఉంటుంది అనుకొని ముగ్గు వేసి వచ్చేసింది.

శనివారం మఫ్లరు జారింది. తల నున్నగా గుండు. కిటికీ ఊచకు బయటివైపు, ఎర్రగుడ్డలో మూట కట్టి, చిన్న కుండ లాంటిది వేలాడుతోంది.

గుండు, మూట, రెండూ చూసి కుప్పమ్మాళ్ మొహం విప్పారింది. శనివారం, పెరుమాళ్ దినం. గుండు అంటే మొక్కు. మూట అంటే ముడుపు. మన దగ్గర పసుపుగుడ్డ, వాళ్ళ ఊళ్ళో ఎర్రగుడ్డ కాబోలు అనుకుంది.

"ఏంది సేట్, తిరుపతికి పోయొచ్చినారా? ఒక్క మాట సెప్పకుండా! అమ్మకి బాగుండాదా ఇప్పుడు?" అని, రెండు చేతులూ దోసిలి పట్టింది. "ప్రసాదం యాడ? లడ్డు లేదా మాకు?"

ఆయన ఆమె దోసిలి వంక చూశాడు. లేచి లోపలికి వెళ్ళి ఒక అరటిపండు తెచ్చి అందులో పెట్టాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది. వేలాడుతున్న మూటకు దండం పెట్టి, ముగ్గులో పెట్టడానికి తెచ్చిన చామంతి తీసి దాని ముడిలో గుచ్చింది. ఇంటికొచ్చి పండు సగం తిని, సగం దీపాకు ఇచ్చింది.

"సేట్టమ్మకి నయమైపోతుందే. స్వామి ఒప్పుకున్నాడు" అంది.

ఆదివారం ఆ వాకిట్లో వేసింది మా వీధి ఎప్పుడూ చూడని ముగ్గు. ఇరవై ఒక్క చుక్కల పద్మం. రంగులు నింపి, మధ్యలో పేడముద్ద మీద గుమ్మడిపువ్వు పెట్టి, చుట్టూ ఎర్రమట్టి గీత గీసింది. పోయేవాళ్ళంతా ఆగి చూశారు. గుడికి వెళ్తూ నేనూ ఆగాను. "భలే వేసినావు కుప్పమ్మా" అన్నాను. గడప లోపల కుర్చీలో సేట్ కూర్చొని మా అందరినీ చూస్తున్నాడు. నేను ఆయనకు కూడా నవ్వుతూ దండం పెట్టాను. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ నోట్లో ముద్ద దిగదు. మూటకు కొత్త చామంతి ఉంది.

సోమవారం కూడా ముగ్గు పడింది.

సోమవారం సాయంత్రం సత్య మా వీధికి వచ్చింది. సత్య ఆ ఆసుపత్రిలోనే ఆయాగా పనిచేస్తుంది, దీపాకు స్నేహితురాలు. కాఫీ తాగుతూ మాటల్లో అడిగింది: "మీ వీధి సేట్ ఉండాడా, ఊరికి పోయేసినాడా? పావం, ఆయన పెండ్లాం గురువారం మధ్యానం పోయిందే. మా వార్డే. పక్క బెడ్డోళ్ళ మనుషులు ఇద్దరు తోడొస్తే, ఆ సాయంత్రమే కరెంటు శ్మశానంలో కాల్చేసినాడు. అక్కడనే గుండు కొట్టించుకున్నాడంట."

కుప్పమ్మాళ్ చేతిలో లోటా అట్లాగే ఉంది. "లేదు" అంది. "తిరుపతికి పోయొచ్చినాడు. ముడుపు కట్టుండాడు."

"ఏం ముడుపు అత్తా?" అని అడిగింది సత్య.

"ఎర్రగుడ్డ మూట. కిటికీకి."

సత్య గొంతు తగ్గించింది. "వాళ్ళ పక్క ఎముకలు ఇంట్లోకి తేకూడదంట. గంగకి తీసుకుపోయేదాకా బయట కట్టి పెడతారు."

కుప్పమ్మాళ్ లేచింది. కొంగు బిగించి, బక్కెట్టులో నీళ్ళు పట్టుకొని, చీపురు తీసుకొని వీధిలోకి నడిచింది. వెనక దీపా, సత్య, చూసినవాళ్ళం మేమంతా. ఆ వాకిట్లో పొద్దున వేసిన ముగ్గు మీద నీళ్ళు కుమ్మరించి, మోకాళ్ళ మీద కూర్చొని చేత్తోనే రుద్దేసింది. ఆదివారం రంగులు నేలకు పట్టుకొని వదల్లేదు. గోళ్ళతో గీకింది. అప్పుడు గుండెలు బాదుకొని మా పద్ధతిలో శోకం ఎత్తుకుంది.

"నా తోబుట్టువా, కిటికీ కాడ నిలబడ్డ తల్లీ, నాకొక్క మాట సెప్పకుండా యాడికి పోతివే..."

సేట్ కుర్చీలోంచి ఉలిక్కిపడి లేచాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ ఏదో అన్నాడు. భయపడ్డాడో, కోపం వచ్చిందో తెలియలేదు. అప్పుడు గానీ మాకు తోచలేదు, జయమ్మాళ్ కూతురు అభినయ హిందీ పరీక్షలు రాసిందని. ఇన్ని నెలలూ ఆ పిల్ల నాలుగిళ్ళ అవతలే ఉంది. పిలిపించాం.

"అరవొద్దంటున్నాడు పెద్దమ్మా. ఆమెకు చప్పుడంటే భయమట" అంది అభినయ.

కుప్పమ్మాళ్ నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆయన కుర్చీలో కూర్చొని, నేల చూస్తూ, మెల్లగా మాట్లాడాడు. అభినయ ఆగి ఆగి చెప్పింది. మాటలు దొరకక కాదు ఆగింది.

వాళ్ళ కాన్పూర్‌లో చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరట. వీధివాళ్ళే రొట్టె, పప్పు తెచ్చి పెడతారు. దాన్ని చేదు రొట్టె అంటారు. చేదేమీ ఉండదు, తినేవాడి నోరే చేదు. ఎవరూ పిలవరు, ఎవరూ చెప్పరు. తలుపు తీసి పెట్టుకుంటే చాలు, వచ్చేస్తారు. ఈయన తలుపు తీసి పెట్టుకొని కూర్చున్నాడు. శుక్రవారం ఎవరూ రాలేదు. శనివారం రాలేదు. అరటిపళ్ళు కొనుక్కొని తిన్నాడు. రోజూ పొద్దున ఒక మనిషి మాత్రం వచ్చి, వాకిట్లో పండగ ముగ్గు వేసి పోయేది. ఆదివారం రంగులు వేసింది. జనం ఆగి చూసి సంతోషపడ్డారు. వాళ్ళ ఊళ్ళో అట్లాంటి ముగ్గు దీపావళికీ, పెళ్ళికీ వేస్తారు.

"జబ్బు మనిషి వీధి వదిలి పోయిందని వీళ్ళకు పండగేమో అనుకున్నాడట" అంది అభినయ. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "కానీ అదే మనిషి ఆమె అస్థికల మీద రోజూ ఒక పువ్వు పెట్టేది. అది ఎందుకో అర్థం కాలేదట. ఇది ఎగతాళో, ప్రేమో అని నిద్ర పట్టలేదట."



"సెప్పు పాపా" అంది కుప్పమ్మాళ్, తల ఎత్తకుండా. "మా దగ్గర సావంటే మేళం వినబడాల. వాకిట్లో పందిలి వెయ్యాల, ట్యూబులైటు కట్టాల, గోడ మీద ఫొటో అతికించాల. ఏదీ లేదే. వాకిట్లో చూస్తే ముగ్గు ఉండాది. ముగ్గుండే ఇంట్లో సావెట్లా ఉంటుంది అని వీధంతా ఊరికే ఉన్నింది. ఆ ముగ్గేసింది నేనే. నేనొక్క దినం వెయ్యకుండా ఉన్నింటే వీధంతా వచ్చుండును." "ఆయన పస్తుండి ఒక పండిస్తే, అది కూడా నేనే తిన్నా. అది కూడా సెప్పు."

అభినయ చెప్పింది.

"ఆయమ్మ పేరేందో అడుగు."

"రామ్‌దులారి."

"రామదులారి" అంది కుప్పమ్మాళ్. "రాములవారి పేరే ఉండాది. నాలుగు నెలలు ఊచలు పట్టుకొని మాట్లాడినా. పేరు అడగలా."

మంగళవారం వీధి చేతనైనంత చేసింది. వెట్రివేల్ బుధవారం రైలుకు తాను దింపుతానని చెప్పాడు. వెళ్ళైయమ్మాళ్ ఆ రోజు మా వీధిలోకి చేపలు తేలేదు, ఉత్త చేతులతో వచ్చి గడప దగ్గర కాసేపు కూర్చొని పోయింది. కుప్పమ్మాళ్ స్నానం చేసి, దీపాను పక్కన పెట్టుకొని రొట్టెలు కాల్చింది. ఆమెకు రొట్టె గుండ్రంగా రాదు. మాడినవి పక్కన పెట్టి, మంచివి ఆరు ఏరి, స్టీలు డబ్బాలో పప్పుతో పాటు పెట్టి తీసుకుపోయింది.

సేట్ డబ్బా వంక చూశాడు, ఆమె వంక చూశాడు. అభినయతో రెండు ముక్కలు అన్నాడు.

"ఆ రోజులు అయిపోయాయట పెద్దమ్మా. ఇప్పుడు పెట్టేది చేదు రొట్టె కాదట. ఉత్త రొట్టె."

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కుప్పమ్మాళ్ డబ్బా గడప మీద పెట్టి, వెనక్కు చూడకుండా వచ్చేసింది.

బుధవారం పొద్దున ఆయన మూట విప్పి సంచిలో పెట్టుకొని, ఒక ట్రంకుపెట్టెతో ఆటో ఎక్కాడు. వీధిలో అందరం నిలబడ్డాం. కుప్పమ్మాళ్ ముందుకు వచ్చి సంచి వైపు ఒక చామంతి చాచింది. ఆయన సంచి కొంచెం తెరిచి పట్టుకున్నాడు. ఆమె పువ్వు లోపల వేసింది. అంతే. ఆటో మలుపు తిరిగింది. వెట్రివేల్ ఆ మలుపులో కూడా హారన్ కొట్టలేదు.

గడప మీద స్టీలు డబ్బా ఉంది. కడిగి, బోర్లించి ఉంది. మా దగ్గర ఎవరి గిన్నె వాళ్ళకు ఖాళీగా తిరిగివ్వరు. చిటికెడు చక్కెరైనా వేసి ఇస్తారు. ఇందులో ఏమీ లేదు. ఆయన తిన్నాడో, పారేశాడో ఎవరం చూడలేదు.

"రాత్రి కుక్క ఒకటి ఈ పక్క ఏదో నాకుతా ఉన్నింది" అన్నాడు పట్టాభిరామన్ గారు, ఇల్లు తాళం వేసుకుంటూ.

"ఉండనీ అన్నా" అంది కుప్పమ్మాళ్. "కుక్క తిన్నా ఆయమ్మ పేరు మీదనే."

సోమవారం కడిగేసిన దగ్గరనుంచి ఆ వాకిట్లో ముగ్గు లేదు. మార్గళి నెలలో వీధంతా రంగులుంటే అదొక్కటే బోసి. వారం పోయాక పట్టాభిరామన్ గారు ఆమె ఇంటి ముందర నిలబడ్డారు. "ఏమ్మా, ఇల్లు చూడ్డానికి వచ్చినోళ్ళు వాకిలి చూసి, ఎవరు పోయినారని అడుగుతా ఉండారు. నాలుగు గీతలు గీసెయ్యి, నీకు పుణ్యముంటుంది."

"పోయినారు కాబట్టి అడుగుతారు. పేరు సెప్పండి. రామదులారి, కాన్పూర్."

"అద్దెకు ఎవరొస్తారమ్మా?"

"పదహారు దినాలన్నా. మా ఇంట్లో సావుకి ఎన్ని దినాలో అన్ని దినాలు. దాని మీద నన్నడగొద్దు."

ఆయన మెత్తని మనిషి. తల ఊపి వెళ్ళిపోయారు.

పదహారు రోజులూ ఆమె తెల్లవారుజామున చీపురు తీసుకొని ఆ వాకిటికి వెళ్ళేది. ఊడ్చేది. నీళ్ళు చల్లేది. కిటికీ ఊచ పట్టుకొని కాసేపు నిలబడేది. ఆ ఊచకు ఎర్రగుడ్డ పోగు ఒకటి చిక్కుకొని ఉండిపోయింది, దాన్ని ఆమె తియ్యలేదు. రంగులు మాత్రం నేలలోంచి పూర్తిగా పోలేదు. ఎంత కడిగినా, తడి ఆరగానే ఆ పద్మం అంచు పలచగా పైకి తేలేది. పదిహేడో రోజు పొద్దున ఆ వాకిట్లో ముగ్గు వేయడానికి ఆమె పిండి డబ్బా దీపాకు ఇచ్చింది.

"నువ్వు పోయి వెయ్యి" అంది. "నా చెయ్యి రాదు."